ఆ పల్లకీ పంపిందెవరు?

మొన్న శనివారం రాత్రి అమ్మతో కలిసి ‘మల్లీశ్వరి’ మళ్ళీ చూశాను. నాకది ఎన్నోసారో గుర్తులేదు. అమ్మకైతే అది సినిమా కాదు, పుట్టింటి సంగతి. చివర్లో రాయలవారు క్షమించి, నాగరాజూ మల్లీ బతికి బయటపడ్డాక, అమ్మ నిట్టూర్చి ఒక మాటంది: “రాయలవారు మంచివాడు గనక సరిపోయిందిరా. ఇంకొకడైతేనా...”

ఆ మాట రెండు రోజులు వదల్లేదు నన్ను. నిజమే, రాయలవారు మంచివాడు గనకే కథ సుఖాంతమైంది. కానీ కథలో జరిగిన ఘోరం మొత్తం కూడా ఆయన మంచివాడు గనకే జరిగింది కదా? రెండో సగం మనకెవరికీ ఎందుకు గుర్తుండదు?

సినిమా చూడనివాళ్ళ కోసం కథ టూకీగా చెప్తాను. (చూడనివాళ్ళు ఉన్నారనుకోవడానికి కష్టంగా ఉన్నా, మా ఆఫీసులో లెక్కపెడితే చూసినవాళ్ళే తక్కువ తేలారు.) విజయనగర రాజ్యంలో వీరాపురం అనే ఊరు. నాగరాజు శిల్పి, మల్లి అతని మరదలు. సంతకెళ్ళి వస్తుంటే వానకు చిక్కుకుని రాత్రి ఒక చోట తలదాచుకుంటారు. అక్కడ మల్లి ఆడి పాడుతుంది. అదే చోట మారువేషంలో ఉన్న శ్రీకృష్ణదేవరాయలు, అల్లసాని పెద్దన ఆ ఆటా పాటా చూసి ముచ్చటపడతారు. ఆ ఉత్సాహంలో నాగరాజు వేళాకోళంగా, మా మల్లికి రాజుగారి పల్లకీ పంపించమంటాడు. తర్వాత, డబ్బులేని అల్లుడు అత్త కళ్ళకు ఆనడు గనక, సంపాదించుకు రావడానికి నాగరాజు ఊరొదిలి వెళ్తాడు. అతను లేనప్పుడు పల్లకీ నిజంగానే వస్తుంది. మల్లి అంతఃపురానికి వెళ్ళిపోతుంది. అక్కడికి పోయిన ఆడపిల్ల తిరిగి రాదు. పరాయి మగవాడు అక్కడ అడుగుపెడితే మరణదండన.

ఇందులో విలన్ ఎవరు?

దాదాపు అందరూ చెప్పే జవాబు మల్లి తల్లి నాగమ్మ. ఋష్యేంద్రమణి ఆ పాత్రని ఎంత బాగా చేసిందంటే, ఆవిడ నోరు తెరిస్తే చాలు మనకి ఒళ్ళు మండుతుంది. డబ్బాశ, నోటిదురుసు, నాగరాజంటే చులకన. పల్లకీ వెంట వచ్చిన సిరికి పొంగిపోయి కూతుర్ని ఎక్కించేసింది. కానీ ఒకసారి ఆవిడ గుమ్మంలో నిలబడి చూడండి. వీధిలో రాజుగారి పల్లకీ ఆగి ఉంది. ఊరంతా చుట్టూ చేరింది. వచ్చినవాళ్ళు మీ పిల్లని పంపిస్తారా అని అడగటానికి రాలేదు, తీసుకెళ్ళడానికొచ్చారు. నాగమ్మ మహాతల్లిలాంటి మనిషే అయ్యుంటే ఏం చేసేది? ‘వద్దు’ అనేదా? అంటే పల్లకీ ఖాళీగా తిరిగెళ్ళేదా? ఈ ప్రశ్న సినిమా మనల్ని అడగనివ్వదు. ఆవిడ ఆశపడింది గనక ఆవిడ ఒప్పుకున్నట్టు లెక్క. ఒప్పుకోకపోయినా జరిగేదాన్ని ఒప్పుకోలుగా చూపించి, బరువంతా పల్లెటూరి ఆడమనిషి నెత్తిన పెట్టేశారు. ఇన్నేళ్ళ నుంచీ ఆవిణ్ణి తిట్టుకుంటూనే ఉన్నాం.

రెండో జవాబు నాగరాజు నోరు. ఎందుకన్నాడా మాట? నిజానికి సినిమాలో నాకు అన్నిటికన్నా భయం పుట్టించేది ఇదే. ఇద్దరు పరాయివాళ్ళ ముందు, వాన కురుస్తున్న రాత్రి, ప్రేమలో ఉన్న కుర్రాడు సరదాగా అన్న ఒక మాట. మనం రోజుకి పది అంటాం అలాంటివి. మా ఇంటికి హెలికాప్టర్ పంపించమని ఎవరితోనైనా అంటే నవ్వి ఊరుకుంటారు. కానీ వినేవాడు రాజైతే వేళాకోళం వేళాకోళంగా మిగలదు. వినతిపత్రం అవుతుంది. ఆయన ‘సరే’ అంటే ఆజ్ఞ అవుతుంది. ‘రాజు తలుచుకుంటే దెబ్బలకు కొదవా’ అన్న సామెత అందరికీ తెలుసు. రాజు తలుచుకుంటే పల్లకీలకు మాత్రం కొదవా? సామెత కట్టినవాళ్ళు దెబ్బల గురించే ఆలోచించారు. బి.ఎన్. రెడ్డి పల్లకీల గురించి ఆలోచించాడు. అక్కడే ఈ సినిమా మామూలు జానపద చిత్రాల నుంచి విడిపోయింది.

ఆ రాత్రి ఆ మాట విన్న రెండో మనిషి కూడా ఉన్నాడు. పెద్దన. మాటల మనిషి. ఏ మాటకి ఎంత బరువో, ఏది సరసమో ఏది విన్నపమో రాజ్యంలో అందరికన్నా బాగా తెలిసినవాడు. అయినా పల్లకీ ఆగలేదు. పెద్దనని దోషి అనట్లేదు నేను. ఆస్థానం అనేది ఎలా పనిచేస్తుందో చెప్పడానికి ఆయన చాలు అంటున్నాను. రాజు దయగా ఏదైనా చేయబోతున్నప్పుడు అడ్డుపడటం చాలా కష్టం. రాజు కోపంతో శిక్ష వేస్తుంటే ‘ప్రభూ, శాంతించండి’ అనవచ్చు. అలా అన్న మంత్రుల కథలు మనకి బోలెడు. రాజు ప్రేమగా కానుక పంపుతుంటే ‘ప్రభూ, ఆ పిల్లని ఒక మాట అడిగారా’ అని ఎవరంటారు? కోపానికి బ్రేకులేసే మర్యాద ఉంది గానీ దయకి లేదు.

సినిమా మూలాల్లో ఒకటి బుచ్చిబాబు రాసిన ‘రాయలవారి కరుణకృత్యం’. ఆ పేరు ఎప్పుడు తలుచుకున్నా ఒక్క క్షణం ఆగిపోతాను. కరుణకృత్యం! ఏది కరుణ? చివర్లో క్షమించడమా, మొదట్లో పల్లకీ పంపడమా? రెండూనా? రెండూ అయితే, ఒక కరుణ చేసిన గాయానికి ఇంకో కరుణ మందు రాసిందన్నమాట. మధ్యలో ఇద్దరు మనుషుల జీవితం నలిగిపోయింది. నాగరాజు పిచ్చివాడిలా తిరిగాడు, రాయిలో మల్లి ముఖమే చెక్కుకున్నాడు. మల్లి బంగారు పంజరంలో కూర్చుని కిటికీలోంచి చూసింది. ఆ రోజుల్ని క్షమాభిక్ష తిరిగివ్వలేదు.

ఈ సినిమా 1951 డిసెంబర్‌లో విడుదలైంది. తేదీ కాస్త గమనించండి. దేశంలో మొదటి సార్వత్రిక ఎన్నికలు 1951 అక్టోబర్‌లో మొదలై 1952 ఫిబ్రవరి దాకా సాగాయి. అంటే జీవితంలో మొదటిసారి ఓటు వేయబోతున్న తెలుగువాళ్ళు, ఆ ఓటుకి ముందో వెనకో, థియేటర్లో కూర్చుని రాయలవారి దయ చూసి కళ్ళు తుడుచుకున్నారు. అదే ఏడాది ‘పాతాళభైరవి’లో తోటమాలి కొడుకు రాకుమారిని పెళ్ళాడాడు. ఇటు హైదరాబాద్ రాష్ట్రంలో పరిస్థితి ఇంకా తమాషాగా ఉంది. 1948 సెప్టెంబర్లో నిజాం పాలన ముగిసింది, 1952లో జనం ఓట్లేస్తే బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి అయ్యాడు. కానీ రాష్ట్రానికి రాజప్రముఖ్ హోదాలో పైన కూర్చున్నది ఆ నిజామే, మీర్ ఉస్మాన్ అలీఖాన్, 1956 దాకా. రాజుని పక్కకి జరపడం మన చట్టాలకే అంత నెమ్మదిగా చేతనైంది. మనసులకి ఇంకెంత పడుతుంది?

‘మల్లీశ్వరి’ రాజరికాన్ని మెచ్చుకునే సినిమానా, ఎండగట్టే సినిమానా అన్న ప్రశ్నకి నా దగ్గర సూటి జవాబు లేదు. తీసినవాళ్ళు మెచ్చుకుంటున్నామనే అనుకుని ఉండొచ్చు. దేవులపల్లి కృష్ణశాస్త్రి రాసిన మాటల్లో, రాజేశ్వరరావు కట్టిన వరసల్లో విజయనగరం మీద గొప్ప మమకారం ఉంది. కానీ చెడ్డ రాజుని చూపించి రాజరికాన్ని తిట్టడం ఎవరైనా చేస్తారు. అందులో రాజరికానికి వచ్చే నష్టమేం లేదు. ‘ఈయన చెడ్డవాడు, మంచివాడొస్తే బాగుండు’ అని జనం అనుకుంటారు, సింహాసనం అలాగే ఉంటుంది. ‘మల్లీశ్వరి’ తెలిసో తెలియకో అంతకన్నా గట్టి పని చేసింది. అందరికన్నా మంచి రాజుని తెచ్చి, ఆయనకున్న అందరికన్నా మంచి గుణాన్ని తీసుకుని, దాని కింద ఎవరు నలిగారో చూపించింది.

అసలు రాయలకి ఈ సంగతి తెలుసా? సినిమా రాయలకి కాదు, ఉన్న రాయలకి. ఆయన స్వయంగా రాసిన పుస్తకం ఒకటి మన చేతిలో ఉంది కాబట్టి అడగొచ్చు. ‘ఆముక్తమాల్యద’ నాలుగో ఆశ్వాసంలో యామునాచార్యుడు రాజ్యం వదిలి వెళ్తూ కొడుక్కి రాజనీతి చెప్తాడు. పరీక్షల కోసం ఒకటి రెండు పద్యాలు బట్టీపట్టి వదిలేసినవాళ్ళం కాబట్టి, మనలో చాలామంది దాన్ని ఏదో ధర్మోపదేశం అనుకుంటాం. తీరా చదివితే ధర్మోపదేశం తక్కువ, ఆపరేషన్స్ మాన్యువల్ ఎక్కువ. కోటలు ఎవరికి అప్పజెప్పాలి, రేవులు బాగుచేసి గుర్రాలూ ఏనుగులూ శత్రువుల పాలు కాకుండా ఎలా కొనుక్కోవాలి, అడవిలో ఉండే జనంతో ఎలా మెలగాలి. పైనుంచి కాదు, లోపల్నుంచి రాజ్యాన్ని చూసినవాడి రాత అది. ఎక్కడ ఏది విరుగుతుందో తెలిసినవాడిది.

అందులో నన్ను పట్టుకున్నవి రెండు. ఒకటి, మరణశిక్ష పడ్డవాడికి మూడుసార్లు మొరపెట్టుకునే అవకాశం ఇవ్వమంటాడు. అయితే వదిలితే కీడు మూడే మనిషైతే ఆలస్యం చెయ్యొద్దనీ అంటాడు. ఐదు వందల ఏళ్ళ కింద ఒక రాజు తన తీర్పు మీద తనకే ఉన్న అనుమానాన్ని పద్యంలో పెట్టడం మామూలు సంగతి కాదు. నేను పొరపడతాను, నన్ను మూడుసార్లు ఆపండి అంటున్నాడు. కానీ ఆ మూడుసార్లూ తట్టాల్సింది ఒకే తలుపు. ఎవడు శిక్షించాడో వాడికే మొర. నాగరాజు ప్రాణం కూడా చివరికి ఆ తలుపు దగ్గరే తేలింది. మన రాజ్యాంగంలో కూడా 72వ అధికరణం రూపంలో ఈ రాజరికపు ముక్క ఒకటి మిగిలిపోయింది, రాష్ట్రపతి క్షమాభిక్ష. కాకపోతే శిక్ష వేసింది ఆయన కాదు, క్షమించేది ఆయన ఒక్కడి ఇష్టం మీదా కాదు, మంత్రిమండలి సలహా మీద. పేరు పాతదే, తలుపులు వేరు.

రెండోది, ఊరొదిలి పోయిన రైతుల గురించి. బాధలు పడలేక జనం పొలాలు వదిలి వెళ్ళిపోతే, వాళ్ళని వెనక్కి పిలవకుండా, దొరికిందే అదనని వాళ్ళ పశువుల్నీ ధాన్యాన్నీ అమ్ముకునే అధికారి ఉన్న రాజు ఏడు దీవులు ఏలినా బాగుపడడంటాడు. దీన్ని దయగల మాటగా అందరూ మెచ్చుకుంటారు. నాకు మాత్రం దాని వెనకున్న లెక్క కనిపిస్తుంది. ఆ రైతులెందుకు వెళ్ళిపోయారు? వాళ్ళకి ఇంకో దారి లేదు కాబట్టి. అధికారిని మార్చలేరు, రాజుని అడగలేరు. చేతిలో ఉన్న ఒక్క హక్కు మూటాముల్లే సర్దుకోవడం. రాజు భయపడింది కూడా దానికే. భూమి ఉండి దున్నేవాడు లేకపోతే బొక్కసానికి ఏమొస్తుంది? రాజరికంలో జనానికున్న ఓటు కాళ్ళలో ఉంది. ఇప్పుడు మల్లిని చూడండి. ఆమెకి ఆ ఓటూ లేదు. అంతఃపురం నుంచి వలస పోవడానికి వీల్లేదు. రాజ్యంలో అందరికన్నా సుఖంగా ఉన్న ఆడపిల్లకి పొలం వదిలి పారిపోయిన రైతుకున్న స్వేచ్ఛ లేదు.

ఇంత తెలిసిన రాయలు నిజజీవితంలో ఏం చేశాడు? పోర్చుగీసు గుర్రాల వర్తకుడు న్యూనిజ్ 1530ల్లో రాసిన వృత్తాంతంలో రెండు కథలున్నాయి. మొదటిది, రాయలు పట్టానికి రాకముందుది. అన్న వీరనరసింహరాయలు చనిపోతూ తన పసికొడుక్కి అడ్డొస్తాడని తమ్ముడి కళ్ళు పీకెయ్యమని తిమ్మరుసుని ఆజ్ఞాపిస్తే, తిమ్మరుసు మేక కళ్ళు తెచ్చి చూపించి రాయల్ని కాపాడాడట. రెండోది, పాలన చివర్లోది. రాయలు తన ఆరేళ్ళ కొడుక్కి పట్టం కట్టాడు, కొంతకాలానికి ఆ పిల్లాడు చనిపోయాడు. విషం పెట్టించారన్న అనుమానం తిమ్మరుసు కుటుంబం మీదికొచ్చింది. రాయలు ఆ ముసలి మంత్రి కళ్ళు తీయించాడు.

ఈ రెండు కథల్నీ పక్కపక్కన పెట్టుకుని చదివితే గొంతు ఎండిపోతుంది. మొదటి ఆజ్ఞని ఒక మనిషి ధైర్యంగా ధిక్కరించాడు గనక రాయలకి కళ్ళు మిగిలాయి. రెండో ఆజ్ఞ ఇచ్చినప్పుడు ధిక్కరించేవాడు ఎవడూ లేడు, ఉన్న ఒక్కడికే ఆ శిక్ష. 1962లో ఈ కథ ‘మహామంత్రి తిమ్మరుసు’గా సినిమా అయింది. రాయలుగా రామారావు, తిమ్మరుసుగా గుమ్మడి. ‘మల్లీశ్వరి’లో రాజుగారి ఆజ్ఞకి తల వంచిన శిల్పి, పదకొండేళ్ళకి ఆజ్ఞ ఇచ్చే రాజయ్యాడు. మరో ఇరవై ఏళ్ళకి, 1983లో, జనం ఓట్లేసి గెలిపించిన ముఖ్యమంత్రి కూడా అయ్యాడు. ఆయన్ని మనం ఎన్నుకున్నది నాగరాజుగా కాదు, కిరీటం పెట్టుకున్న బొమ్మలు చూసి. ఇందులో ఆయన తప్పేం లేదు. మనకి రాజు ఒకడు కావాలి, అంతే.

ఇక్కడ మా వృత్తిలోంచి ఒక సంగతి చెప్పాలి. మేం రోజూ వాడే పైథాన్ భాషకి చాలా ఏళ్ళు ఒక రాజుండేవాడు. ఉపమానం కాదు, బిరుదే అది. దాన్ని సృష్టించిన గైడో వాన్ రోసమ్‌ని ‘బెనెవలెంట్ డిక్టేటర్ ఫర్ లైఫ్’ అనేవాళ్ళు. యావజ్జీవ దయామయ నియంత అనుకోండి. సరదాగా పెట్టిన పేరే, కానీ పని నిజమైనదే. ఎంత చర్చ జరిగినా చివరి మాట ఆయనది. ఆయన మంచివాడే, తెలివైనవాడే, అందరూ ఇష్టపడ్డవాడే. 2018లో ఒక కోలన్, దాని పక్కన ఒక ఈక్వల్స్ గుర్తు, ఇవి రెండూ కలిపి భాషలోకి కొత్తగా తేవాలా వద్దా అన్న గొడవ చిలికి చిలికి గాలివానై, ఆయన విసిగిపోయి జులైలో దిగిపోయాడు. దిగిపోతూ వారసుణ్ణి నియమించనన్నాడు. ఎలా ఏలుకుంటారో మీరే తేల్చుకోండన్నాడు.

ఆ తర్వాత జరిగింది మా వాళ్ళు గర్వంగా చెప్పుకోవాల్సిన సంగతి, ఎవరూ చెప్పుకోరు. నెలల తరబడి రకరకాల పాలనా పద్ధతులు కాగితం మీద పెట్టి వాదించుకున్నారు. ఇంకో రాజు కావాలన్నవాళ్ళూ ఉన్నారు. చివరికి ఓట్లేసుకుని ఐదుగురి మండలిని ఎంచుకున్నారు. 2019లో మొదటి మండలికి గెలిచిన ఐదుగురిలో గైడో ఒకడు. అదే మనిషి, అదే తెలివి, కానీ ఐదింట ఒక ఓటు. ఆరేళ్ళ పిల్లాడికి కిరీటం పెట్టిన రాయలు గుర్తొచ్చాడు నాకు ఆ కబురు చదివినప్పుడు. రాజరికానికి అసలు పరీక్ష రాజు ఉన్నప్పుడు కాదు, ఆయన లేచి వెళ్ళిన రోజు.

భూటాన్‌లో ఇదే పని నిజం రాజు చేశాడు. నాలుగో రాజు జిగ్మే సింగ్యే వాంగ్‌చుక్ జనం వద్దంటున్నా పట్టుబట్టి పాలన పార్లమెంటుకి అప్పగించే ఏర్పాటు చేసి, 2006లో గద్దె దిగాడు. 2008లో ఎన్నికలు జరిగాయి. ప్రజల రాత ఒక్క మనిషి చేతిలో పెట్టడం ప్రమాదమన్నది ఆయన వాదన. వింతేమిటంటే జనం మాకు మీరే బావున్నారన్నారు. వాళ్ళది మా అమ్మ మాటే.

మా క్యాంటీన్లో మాటా అదే. ట్రాఫిక్ గురించో, రోడ్ల గురించో, ఎన్నికల ఖర్చు గురించో మాట్లాడుకుని, ఎవరో ఒకరు టీ కప్పు పడేస్తూ తీర్పు చెప్తారు: ఒక మంచి డిక్టేటర్ పదేళ్ళుంటే చాలు బాస్. నేనూ అన్నాను కొన్నిసార్లు, దాచుకోవడమెందుకు. అలా అనేటప్పుడు మన ఊహలో మనం ఎక్కడుంటామో గమనించారా? రాజు పక్కనుంటాం. ఆయన చేసే మంచి మనకి అందుతూ ఉంటుంది. ఆయన తొలగించే అడ్డంకులు వేరేవాళ్ళు. పల్లకీ మన గుమ్మం ముందు ఆగుతుందనీ, అందులో ఎక్కాల్సింది మన పిల్ల అనీ ఎప్పుడూ ఊహించుకోం.

‘బాహుబలి’ని వంద రకాలుగా మెచ్చుకున్నారు, వంద రకాలుగా తిట్టారు. నాకు దాంట్లో పనికొచ్చింది ఒక్కటే. శివగామి చెడ్డది కాదు, తెలివితక్కువదీ కాదు. రాజ్యం కోసం సొంత కొడుకుని కాదని పెంచిన కొడుకుకి పట్టం కట్టబోయిన మనిషి. ఆమెకి తప్పుడు సమాచారం అందింది, ఆమె ఆజ్ఞ ఇచ్చింది, కట్టప్ప పొడిచాడు. ముగ్గురూ మంచివాళ్ళే, ఆజ్ఞ ఇచ్చిన ఆమె, పాటించిన అతను, చచ్చిపోయిన ఇతను. దేశమంతా రెండేళ్ళు కట్టప్ప ఎందుకు చంపాడని అడిగింది. ఆమె మాట తప్పని ఎవరైనా ఎక్కడ అప్పీలు చేసుకోవాలని ఒక్కరూ అడగలేదు. సినిమా కూడా ఆ ప్రశ్న జోలికి పోలేదు. ఆమె నిజం తెలుసుకున్నాక చేసిందల్లా పసివాణ్ణి పైకెత్తి కొత్త రాజుని ప్రకటించడం. పూజారి మారాడు, గుడి అదే.

‘మల్లీశ్వరి’ అంతకన్నా నిజాయితీ ఉన్న సినిమా. అంతఃపురంలో భానుమతి ముఖం ఉంది కదా, అది చాలు. ఆమె ఏడిచే ఘట్టాల గురించి కాదు చెప్తున్నది. మామూలుగా నడిచేటప్పుడు, నగలు పెట్టుకుని ఎవరో పిలిస్తే తల తిప్పేటప్పుడు, ఆ ముఖంలో ఒక బద్ధకం లాంటిది కనిపిస్తుంది. ఎదురుచూడటానికి కూడా ఏమీ లేనివాళ్ళ బద్ధకం. ఆమెని ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు, ఆకలితో ఉంచలేదు. రాజు ఆమె మీద చెయ్యి కూడా వెయ్యలేదు. ఫిర్యాదు చెయ్యడానికి ఒక్క కారణం లేకుండా జీవితం పోగొట్టుకోవడం ఎలా ఉంటుందో ఆవిడ నడకలో చూపించింది. ఆ కాలపు సినిమాల్లో ఇంత నిశ్శబ్దమైన నటన నేను చూడలేదు.

నా పేచీ ఆఖరి ఘట్టంతో. శిక్ష పడబోతుంది, రాయలకి నిజం తెలుస్తుంది, క్షమిస్తాడు, మనం ఊపిరి పీల్చుకుంటాం. అప్పటిదాకా అంత ఓపిగ్గా చూపించిన గాయాన్ని ఆ క్షమ ఒక్క తుడుపుతో తుడిచేసింది. రాయలు ఒక్కసారి కూడా ‘పల్లకీ పంపింది నేనే కదా’ అనుకుని తలదించుకున్నట్టు నాకు కనిపించలేదు. క్షమించేవాడు ఆయన, క్షమాపణ అడగాల్సినవాడూ ఆయనే అన్న సంగతి తెర మీదికి రాలేదు. నేరం నాగరాజుది, అంతఃపురంలో అడుగుపెట్టాడు కాబట్టి. ఆ అంతఃపురంలో మల్లి ఎందుకుందన్నది విచారణకి రాని విషయం. రాజుగారి పొరపాటు, రాజుగారి దయగా మారి, రాజుగారి కీర్తిలో కలిసిపోయింది. బి.ఎన్. రెడ్డి లాంటి సున్నితమైన దర్శకుడికి ఇది కనిపించలేదనుకోను. 1951 నాటి ప్రేక్షకుడి ముందు రాయలవారి తల వంచడానికి మనసొప్పి ఉండదు. మనకి ఇప్పుడైనా ఒప్పుతుందా అంటే, ఎవరైనా అలాంటి ముగింపుతో సినిమా తీస్తే ఏం జరుగుతుందో మీకూ నాకూ తెలుసు.

ఆదివారం పొద్దున అమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే ఇదంతా చెప్పాను, ఇంత వరసగా కాదులెండి. విన్నట్టూ విననట్టూ ఉంది. “మరి నువ్వన్నావుగా, రాయలవారు మంచివాడు గనక సరిపోయిందని. మంచివాడు కాకపోయి ఉంటే?” అన్నాను.

చేతిలో కాయ చిదిమి గిన్నెలో వేసి, “అప్పుడు సినిమా ఎవరు తీస్తార్రా” అంది.